బావ నేర్పిన పిస్తోలు విద్య

ఆ రోజుల్లో నా గురించి నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. ఇరవై మూడేళ్ళ వాడికి అలా ఉండటం తప్పేమీ కాదు గానీ, ఆ అభిప్రాయం నాకు తప్ప ఇంకెవరికీ లేకపోవడమే వచ్చిన చిక్కు. జగిత్యాల పక్క పల్లె నుంచి ఒమన్ వచ్చి ఏడాది దాటింది. మస్కట్‌లో ఘాలా అనే చోట, గ్యారేజీల మధ్య, మా కంపెనీ క్యాంపులో ఎనిమిది మందికి ఒక రూమ్. ఎనిమిది మందీ మా జిల్లా వాళ్ళే. ఒకడు గురక పెడతాడు, ఒకడు నిద్రలో మేస్త్రీని తిడతాడు, ఇంకొకడు తెల్లారకుండానే లేచి పచ్చి మిరపకాయలు వేయించి అందరినీ దగ్గించి లేపుతాడు. "నాకు జర ప్రశాంతంగా ఉండే జాగా చూపించు చాచా" అని ఒకరోజు మా ఫోర్‌మన్‌ని బతిమాలాను. చాచాది హైదరాబాదు పాతబస్తీ. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, "ప్రశాంతం హోనా మియా? దేతూఁ, ఠైరో" అన్నాడు, ఇస్తానుండు అన్నట్టు. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు వారం తిరక్కుండానే తెలిసింది.

నన్ను బస్సెక్కించి వెయ్యి కిలోమీటర్ల ఎడారి దాటించి సలాలా పంపారు. సలాలా అనగానే నాకు సంతోషమే వేసింది. అక్కడ కొబ్బరి తోటలు, అరటి తోటలు ఉంటాయని, అచ్చం కోనసీమేనని చూసొచ్చిన వాళ్ళు చెప్పేవారు. (నేను కోనసీమ కూడా చూడలేదు, అది వేరే సంగతి.) నన్ను మాత్రం ఆ తోటల పక్క నుంచే పికప్‌లో పోనిచ్చి, ఊరి వెనక కొండ ఎక్కించి, తారు రోడ్డు దింపి, మట్టిదారి చివర ఒక ఇనుప కంచె ముందు దించారు. లోపల గుట్టలు గుట్టలుగా నీళ్ళ పైపులు. ఒక మూల కంటైనర్ గది, అందులో మంచం, గ్యాస్ పొయ్యి. ఆ ప్రాజెక్టుకే మారిన చాచా కింద ఊళ్ళో ఉంటూ వారానికోసారి సామాను తెచ్చి ఇచ్చేలా ఏర్పాటు. ఆయన చెయ్యి చాపి చుట్టూ చూపించి, "ఇధర్ పైపాఁ హై, తూ హై, ఊపర్‌వాలా హై. ఔర్ కోయీ నై" అన్నాడు, ఇంకెవరూ లేరని. ఇంతకుముందు ఇక్కడ ఇత్తడి వాల్వులు పోయాయట, అందుకని కాపలా. నా చేతిలో ఒక టార్చిలైటూ ఒక విజిలూ పెట్టాడు. దొంగ వస్తే విజిల్ ఊదాలి. "ఈ అడవిలో ఊదితే ఎవరు వింటారు చాచా?" అని అడిగాను. "చోర్ సుంతా నా!" అని, దొంగే వింటాడులెమ్మని నవ్వుకుంటూ పికప్ ఎక్కేశాడు.

నేను దిగిన రోజే కొండ మీదికి మంచు దిగింది. ఆ కాలాన్ని వీళ్ళు ఖరీఫ్ అంటారు. మన దగ్గర ఖరీఫ్ అంటే నాట్లు, వీళ్ళకి ఖరీఫ్ అంటే మూడు నెలల పాటు తుంపర, పొగమంచు. చుట్టుపక్కల దేశాలన్నీ ఎండకి మాడిపోతుంటే ఇక్కడి చల్లదనం కోసం జనం కార్లేసుకుని వస్తారు. వాళ్ళంతా తారు రోడ్డు మీదే ఆగిపోయేవారు. నాకు మాత్రం గది గుమ్మంలో నిలబడితే గేటు కనిపించేది కాదు. మొదటి వారం హాయిగా నిద్రపోయాను. రెండో వారం నిద్ర పట్టక దొర్లాను. మూడో వారం నుంచి నా గొంతు నేను వినడం కోసం పైకి మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏం వండుదాం?" అని అడిగేవాణ్ణి. "పప్పు" అని నేనే చెప్పేవాణ్ణి. "మళ్ళీ పప్పేనా?" అని నేనే అలిగేవాణ్ణి. నవ్వులాటకి చెబుతున్నాను గానీ, కొన్ని సాయంత్రాలు మంచం అంచున కూర్చుని ఊరికే ఏడ్చేవాణ్ణి. కారణమంటూ ఏమీ లేదు. మనిషి ముఖం చూసి ఐదు రోజులయిందన్నదే కారణం. ఘాలాలో గురక పెట్టేవాడు పక్కన ఉంటే కాళ్ళు పిసికేవాణ్ణి.

ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడతాం? "తిన్నవారా?" "తిన్న." "ఏం కూర?" "పప్పు." "పానం మంచిగుందా?" "ఉంది." రెండు నిమిషాల్లో మాటలైపోయేవి. అప్పటికి అమ్మానాన్న లేరు, ఉన్నదల్లా అక్క. బావ ఏఆర్ కానిస్టేబుల్, అంటే తుపాకి పట్టుకుని కాపలా కాసే పోలీసు. జిల్లా కేంద్రంలో ట్రెజరీ ముందు సెంట్రీ డ్యూటీ. అక్కా పిల్లలూ ఊళ్ళో, ఆయన గార్డు రూములో. సెలవు దొరికినప్పుడు ఇంటికి వచ్చేవాడు. అక్క పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ రాసినా పోస్టు కార్డు నిండదు. అందులో సగం "వీనికి తలకాయ లేదు" అన్నదే. ఆ మాట నాతో కూడా కాదు, నేను వింటుండగా అక్కతో అన్నది.

అలాంటిది, ఒక శుక్రవారం అక్కకి ఫోన్ చేస్తే ఆమె, "గాడ ఏం పని ఇచ్చిండ్రురా?" అని అడిగింది. వాచ్‌మన్ అనడానికి నామోషీ వేసింది. "సెక్యూరిటీ అక్కా" అన్నాను. అంతే, వెనక నుంచి గట్టిగా ఒక గొంతు, "ఏందీ? సెక్యూరిటీయా? ఇటు తే ఫోను" అంది. సెలవు మీద ఇంటికొచ్చి ఉన్న బావ ఫోన్ లాక్కున్నాడు. "ఏమోయ్ బామ్మర్ది, వెపన్ ఇచ్చిండ్రా?"

నిజం చెప్పాలంటే ఆ దేశంలో మనలాంటి పరాయివాడి చేతికి పిస్తోలు రావడం కల్లో మాట. వాచ్‌మన్‌కి కర్ర ఇవ్వడానికి కూడా కంపెనీ వెనకాముందూ చూస్తుంది. "లేదు బావా, విజిల్ ఇచ్చిండ్రు" అంటే సరిపోయేది. కానీ పదేళ్ళలో మొదటిసారి ఆయన గొంతులో నా మీద ఆసక్తి వినిపించింది. నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగాడు. నాలుగు రోజులుగా అక్క గొంతు తప్ప మనిషి మాట నా చెవిలో పడలేదు. నా నోరు నా చెప్పుచేతల్లో లేదు. "ఇస్తరట బావా" అన్నాను. "గట్లనా!" అన్నాడు, అబ్బురంగా. ఆ ఒక్క ముక్కకి నేను పడిపోయాను.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. బావ! తనంతట తాను! డ్యూటీ దిగి గార్డు రూములో మంచమ్మీద వాలానని చెప్పాడు. "పిస్తోలా, రివాల్వరా?" అన్నాడు, హలో కూడా లేకుండా. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలిస్తే కదా! "రెండున్నయట బావా. ఏది కావాల్నో నన్నే ఎంచుకోమన్నరు" అనేశాను. నా జన్మలో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ తెలివైనది అదే. బావకి ఇక పట్టపగ్గాల్లేవు. "ఆగమాగం కాకు. ఏదంటే అది వట్టుకోకు. వారం టైమడుగు. నేను చెప్త" అన్నాడు.

ఆ వారమంతా రోజూ అరగంట పాఠం. రివాల్వర్ అయితే చక్రంలో ఆరు గుండ్లు, పని సాఫీ, మధ్యలో ఇరుక్కుపోదు. పిస్తోలు అయితే ఎక్కువ గుండ్లు పడతాయి గానీ దాన్ని రోజూ తుడిచి, నూనె పెట్టి, బిడ్డలా చూసుకోవాలి. "నువ్వు నీ చెప్పులే తుడువవు. నీకు రివాల్వరే నయం. ఆరు గుండ్లు సాలు. నీలాంటోనికి ఆరు గూడ ఎక్కువే" అన్నాడు. చూడ్డానికి బాగుందని పెద్దది తీసుకోకూడదు, తేలికగా ఉందని మరీ చిన్నది తీసుకోకూడదు, చిన్నది పేలితే చెయ్యి ఎగిరిపడుతుంది. పిడి అరచేతిలో నిండుగా కూర్చోవాలి, చూపుడువేలు సాగదీయకుండా ట్రిగ్గర్ అందాలి. "నీ అరచెయ్యి కొలిచి పంపు" అన్నాడు. సిమెంటు సంచి కాగితం మీద చెయ్యి పెట్టి, బొగ్గుతో చుట్టూ గీసి, ఫోటో తీసి పంపాను. అరగంట తర్వాత జవాబు: "ఏళ్ళు పొడుగున్నయ్. మనిషి పనికిరాకున్నా చెయ్యి పనికొస్తది." (ఆ మాటని నేను మెప్పుగానే తీసుకున్నాను. ఆయన నుంచి అంతకంటే పెద్దది రాదని నాకు తెలుసు.)

ఎంపిక అయ్యాక శిక్షణ మొదలైంది. రివాల్వర్ చేతికొచ్చిందని చెప్పాను మరి, చెప్పక తప్పలేదు. యార్డులో పెట్టెలు విప్పడానికి కంపెనీ ఇచ్చిన బ్యాటరీ డ్రిల్ మిషన్ ఒకటి ఉండేది. పిడి, ట్రిగ్గరు, ముందు ముక్కు, దేవుడు నా కోసమే చేసినట్టుండేది. దాన్ని నడుముకి తాడుతో కట్టుకున్నాను. బావ ఫోన్ స్పీకర్‌లో, "కాళ్ళు భుజాలంత ఎడం వెట్టు. మోకాళ్ళు జర వంచు. రెండు చేతుల వట్టు. వేలు ట్రిగ్గర్ మీద వెట్టకు, పక్కకుంచు" అంటుంటే, నేను మంచులో నిలబడి పైపుల గుట్టకి గురిపెట్టేవాణ్ణి. చెయ్యి వణకకుండా ఉండాలంటే గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్వాలన్నాడు. రూపాయి లేక ఖర్జూరం గింజ పెట్టాను. నొక్కగానే డ్రిల్ గిర్రున తిరిగి, గింజ ఎగిరొచ్చి నా కంటి కింద తగిలింది. "ఏమైంది, గా చప్పుడేంది?" అన్నాడు బావ. "గాలి బావా" అన్నాను, కన్ను నలుపుకుంటూ. మర్నాటి నుంచి బ్యాటరీ తీసేసి సాధన చేశాను.

బావ చెప్పిన వాటిలో కొన్ని నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తుపాకి ఎప్పుడూ నిండుగా ఉందనే అనుకో, ఖాళీ అని ఎవడు చెప్పినా నమ్మకు, నువ్వు చూసుకో. కాల్చదలుచుకోని దాని వైపు మూతి తిప్పకు. అన్నిటికంటే పెద్ద పాఠం ఒకరోజు చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఇను బామ్మర్ది. పిస్తోల్ కాల్చెటందుకు కాదు. కాల్చకుంట ఇంటికి వోయెటందుకు. ఉరికెటందుకు తొవ్వ ఉంటే ఉరుకు, సిగ్గుపడకు." "మరి పిస్తోల్ ఎందుకు బావా?" అన్నాను. "ఉరికెటప్పుడు కింద వడకుంట భద్రంగ జేబుల వెట్టుకో" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. బావ నవ్వు నేను వినడం అదే మొదలు, సైకిల్ చెయిన్ ఊడినట్టుగా ఉండేది.

నా ఉత్సాహం కూడా తక్కువేమీ కాదు. ఫోన్‌లో వీడియోలు చూసి మాటలు నేర్చుకునేవాణ్ణి. ఒకసారి కంపెనీ వాళ్ళు ఫైరింగ్ ప్రాక్టీసుకి తీసుకెళ్ళారని కోశాను. "పదిట్ల ఎన్ని తాకినయ్?" "ఎనిమిది." "ఎంత దూరం?" "యాభై మీటర్లు." "చేతి తుపాకితోని యాభై మీటర్లా? మా దగ్గర పదిహేను మీటర్ల కాడ గోడ తాకితేనే చప్పట్లు కొడ్తరు." నేను గతుక్కుమని, "యాభై అడుగులు బావా, నాకు లెక్క రాదు గదా" అన్నాను. "నీకు లెక్క రాదన్నది నిజమే" అని ఊరుకున్నాడు. ఇంకోసారి, "ఫోటో పెట్టు, చూస్త" అన్నాడు. "వెపన్ ఫోటో తియ్యద్దని రూల్ ఉంది బావా" అన్నాను. "కరెక్ట్. రూలంటే రూలే. మంచి కంపెనీ" అన్నాడు, ఎంతో తృప్తిగా. రూలు పేరు చెబితే పోలీసుని ఎంత దూరమైనా నడిపించొచ్చని ఆ రోజు కనిపెట్టాను.

ఇంత చెప్పాక, ఇందులో నన్ను లోలోపల తొలిచిన సంగతి కూడా చెప్పాలి. ఆ అబద్ధం నాకు బరువుగా ఉండేది. పొద్దున్నే లేచి, ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. సాయంత్రం ఫోన్ మోగగానే ప్రాణం లేచొచ్చేది, చెప్పేవాణ్ణి కాదు. ఆ డ్రిల్ మిషను, ఆ ఆరు గుండ్లు, అన్నీ ఆ ఒక్క అరగంట కోసం. పిస్తోలు లేదని తెలిసిన రోజున ఆయన "థూ" అని ఫోన్ పెట్టేస్తాడు, మళ్ళీ చెయ్యడు. మళ్ళీ నేనూ, పప్పూ, మంచూ. దొంగలంటే నాకు పెద్ద భయం ఉండేది కాదు. ఆ ఫోన్ మోగకపోవడమంటేనే భయం.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం, అన్నం తిని పళ్ళెం కడుగుతుంటే, పైపుల గుట్ట అవతల ఖణేల్‌మని చప్పుడయింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చెయ్యి చాపితే వేళ్ళు మసకగా కనిపిస్తున్నాయి. మళ్ళీ చప్పుడు. ఎవరో దగ్గారు. బావ చెప్పినట్టు ఉరకడానికి తొవ్వ ఉందా అని చూశాను, ఏ వైపు తొవ్వో కూడా కనిపించలేదు. అంతకుముందే ఒక పెట్టెకి పలక బిగించడానికి డ్రిల్‌కి బ్యాటరీ పెట్టి, వేరేది దొరక్క గోడలకి బెజ్జాలు వేసే జానెడు పొడుగు బిట్ తగిలించి ఉంచాను. తీశాను. కాళ్ళు భుజాలంత ఎడం. మోకాళ్ళు కొంచెం వంచాను. మూడుసార్లు హెచ్చరించాలని పాఠం. "రుకో! హాథ్ ఊపర్!" అని అరిచాను. అరుపు అనుకున్నది పిల్లికూతలా బయటికొచ్చింది. రెండోసారి అదీ రాలేదు.

మంచులోంచి ముందు ఒక పొడుగాటి మెడ వచ్చింది. ఒంటె. అది నన్ను చూసి, నాలాంటి వాళ్ళని చాలామందిని చూసినట్టుగా, పక్కకి తిరిగి నా బకెట్‌లో నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. దాని వెనకే ఒక ముసలాయన. నడుముకి లుంగీ, తలకి చుట్టిన గుడ్డ, భుజాల మీద అడ్డంగా కర్ర. ఇక్కడ పెద్దాయన్ని షాయిబ్ అంటారు. నేను ఆయన గుండెకి గురిపెట్టి నిలబడ్డాను. అప్పుడు నా వేలు, ఎక్కడుండకూడదని రెండు నెలలు నేర్చుకున్నానో సరిగ్గా అక్కడే ఉండి, భయంతో బిగుసుకుంది. డ్రిల్ గుర్రుమంది.

షాయిబ్ డ్రిల్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. ముఖం చాటంత అయింది. "అల్‌హమ్దులిల్లా! మిషన్ మౌజూద్!" అని, అంటే మిషన్ ఉందని సంబరపడి, రెండు చేతులూ నిజంగానే పైకెత్తి, దేవుడికి దణ్ణం పెట్టి, వచ్చి నన్ను కావలించుకున్నాడు. సగం అరబీ, సగం హిందీలో ఆయన చెప్పిందేమిటంటే, ఇంట్లో గోడకి రెండు బెజ్జాలు వెయ్యాలట. మంచుకి భయపడి కింద ఊళ్ళోంచి వడ్రంగి పైకి రానంటున్నాడట. తప్పిపోయిన ఒంటెని వెతుక్కుంటూ వస్తే దేవుడు మనిషినీ మిషన్నీ కలిపి చూపించాడట. నేను ఆయన్ని చంపుతానని బెదిరిస్తున్న సంగతి ఆయన దృష్టికి రానే లేదు. అదే ఇంకెవరైనా అయి పోలీసులకి చెప్పి ఉంటే, మర్నాడే నా వీసా క్యాన్సిల్ అయి ఇంటికి విమానం ఎక్కేవాణ్ణి. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. షాయిబ్ మాత్రం నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి జాతరకి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు. గట్టిగా పది నిమిషాల నడక. గుట్ట మలుపు తిరగ్గానే ఇల్లు, దీపం, పొయ్యి మీద పొగ! ఇన్నాళ్ళుగా ప్రపంచంలో నేనొక్కణ్ణే ఉన్నానని ఏడ్చింది ఈ ఇంటికి కూతవేటు దూరంలోనా అని నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది.

లోపల ఆయన ఒక దుప్పటి విప్పి గోడ మీద తగిలించాల్సిన వస్తువు బయటికి తీశాడు. తుపాకి. నిజం తుపాకి, పాతకాలపు పొడుగాటి రైఫిలు. వాళ్ళ నాన్నదట, కాగితాలన్నీ ఉన్నాయట, మనవలకి అందనంత ఎత్తున పెట్టాలట. దాని మూతి నా వైపు తిరగగానే నేను ఒక్క గెంతు పక్కకి గెంతి, "ఖాలీ హై? చెక్ కరో! పహలే చెక్ కరో!" అని అరిచాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, మూతి నేలకి దించి, బోల్టు లాగి ఖాళీగా ఉందని చూపించాడు. "అస్కరీ?" అన్నాడు గౌరవంగా, అంటే సిపాయివా అని. బావ ఉంటే ఎంత పొంగిపోయేవాడో! నేను మాత్రం తల అడ్డంగా ఊపాను. "కాదు, మా బావ" అన్నాను. ఆయన తుపాకిని నా చేతుల్లో పెట్టాడు. రెండు నెలలు పిస్తోలు కథలు చెప్పిన నాకు, నిజం ఆయుధం చేతిలో పడటం అదే మొదలు. చల్లగా, బరువుగా ఉంది. ఎవరి మీదైనా పేల్చారా అని అడిగాను. వాళ్ళ నాన్న తోడేళ్ళని తరమడానికి పేల్చేవాడట, తను ఒక్కసారీ పేల్చలేదట. "మరెందుకు?" అన్నాను. "ఇది గోడకి ఉంటే బాబా ఇంట్లో ఉన్నట్టే" అన్నాడు. బెజ్జాలు వేశాను. రెండూ సరిసమానంగా వచ్చాయి, నా చెయ్యి వణకలేదు. ఆ తర్వాత వేడి ఒంటె పాలు ఇచ్చి, కూర్చోబెట్టి, నాకు సగం కూడా అర్థం కాని కబుర్లు గంటసేపు చెప్పాడు. ఆ సగం చాలు నాకు.

సాయంత్రం బావ ఫోన్. ఇవాళ్టి కథ ఎలా చెప్పాలో నడుస్తున్నంతసేపూ అల్లుకున్నాను. అందులో దొంగ ఉన్నాడు, చేతులెత్తాడు, నేను వదిలేశాను. "బావా, ఇయ్యాల ఒకడు లోపటికొచ్చిండు" అని మొదలుపెట్టాను. "వెపన్ తీసిన. ట్రిగ్గర్ మీద వేలు..." అన్నానో లేదో, బావ గొంతు మారిపోయింది.

"కాల్చినవా?" అన్నాడు. నేను రక్తి కట్టించడానికి కొంచెం ఆగాను. "మాట్లాడు! నీకేమన్న అయిందా? దెబ్బ తాకిందా? వాడు వోయిండా, ఉన్నడా? ఇగో, అక్కకు చెప్పకు. ఎవ్వలకు చెప్పకు. నేనే తప్పు చేసిన, నీకు గివన్నీ నేర్పిన. సెలవు వెడ్త, జిల్లాల పెద్ద సార్ల కాళ్ళు వట్టుకుంట, నిన్ను ఇంటికి తీస్కస్త. నువ్వు భయపడకు. ఇంటున్నవా?" ఆ మనిషి ఏడుస్తున్నాడు. వీనికి తలకాయ లేదన్న మనిషి, నా కోసం ఏడుస్తున్నాడు.

నా అల్లిక అంతా గాలికి పోయింది. "బావా, పిస్తోల్ లేదు" అన్నాను. "ఎన్నడు లేదు. నాకిచ్చింది విజిల్. నా చేతిల ఉన్నది డ్రిల్ మిషన్. వచ్చినాయన ఒంటె కోసం వచ్చిండు. ఆయన గోడకు బెజ్జాలు కొట్టిచ్చిన. నేను సెక్యూరిటీ కాదు బావా, వాచ్‌మన్‌ను." ఒక్క ఊపిరిలో చెప్పేసి, కళ్ళు మూసుకున్నాను.

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను, కాలేదు. గార్డు రూములో ఫ్యాన్ కిర్రుకిర్రుమనడం వినిపిస్తోంది. తిడతాడని, తిట్టి పెట్టేస్తాడని కాచుకుని కూర్చున్నాను.

"అయితే" అన్నాడు బావ చివరికి, గొంతు సవరించుకుని. "మరి రేపేం మాట్లాడుకుందాం?"

తాళం వేసిన ట్రెజరీ తలుపు ముందు రోజంతా తుపాకి పట్టుకుని నిలబడి, సాయంత్రం ఆ ఫ్యాన్ కింద ఒక్కడే పడుకునే మనిషి గురించి నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆయనకి ముందే అనుమానం ఉందా, లేదా అన్నది నేను ఈనాటికీ అడగలేదు. మర్నాడు అదే వేళకి ఫోన్ మోగింది. "ఏం జేస్తున్నవ్‌రా?" అన్నాడు. "ఏం లేదు బావా, ఊకె కూసున్న." "నేను గూడ గంతే" అన్నాడు. ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క గుర్తులేదు. ఇప్పుడు నేను మళ్ళీ ఘాలాలో, ఎనిమిది మంది రూములో, స్టోర్‌కీపర్‌ని. ఇప్పటికీ సాయంత్రం బావ ఫోన్ వస్తే బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటాను. అప్పుడప్పుడు ఆ ఇరవై మూడేళ్ళ నేను, ఆ కుర్రాడు గుర్తొస్తాడు. "ఒక్కణ్ణే ఉన్న బావా, జర మాట్లాడు" అంటే సరిపోయే దానికి అంత మంచులో నిలబడి పైపులకి గురిపెట్టాడు, పిచ్చి సన్నాసి.